తన పేరు తానే చెప్పుకొన్నప్పుడు



ఇంగ్లీషు చదువని వారికి గూడ నేడు ఇంగ్లీషు కాగితములతో పని తప్పుట లేదు. రాజ్యాంగముయొక్క 348వ అధికరణము ననుసరించి మన హైకోర్టుల వ్యవహారము ప్రధానముగా ఇంగ్లీషులోనే నడచుచున్నది. కావున పొలముగట్టు తగవైనను అచ్చటి కెక్కినంతనే ఇంగ్లీషువేషము ధరించును. కుమారుడో కుమార్తెయో విదేశమున నున్నచో, వారిని జూడబోవుటకై తల్లిదండ్రులు సంతకము చేయవలసిన పత్రములు ఇంగ్లీషులో నుండును. పెండ్లిశుభలేఖ సంగతి చెప్పనక్కఱలేదు. ఇట్టి కాగితములలో మనలను గుఱించి మనమే చెప్పుకొనవలసి వచ్చును. ఒకచోట ‘నేను’ అని యుండును. మఱొకచోట ‘నేను’ అను మాటయే లేక మన పేరుమాత్రమో, ‘అర్జీదారు’ అను మాటమాత్రమో యుండును. ఇచ్చట మనమే, అచ్చటను మనమే. ఐనను ఇంగ్లీషుక్రియ రెండుచోట్ల ఒక్కతీరుగ నుండదు. ఎందుచేత నుండదో, ఆ భేదము తెలియక వ్రాసినచో వచ్చెడి చిక్కెట్టిదో ఈ పూట మనవి చేసెదను.

ముందుగా మన భాష సంగతి చూతము. రాత్రివేళ తలుపు తట్టినవానిని ‘ఎవరది?’ యని యడుగుదుము. ‘నేను, రామయ్యను’ అని వాడు బదులు చెప్పును. ఆ ‘రామయ్య’ మీద జేరిన ‘ను’ అను నక్షరమును చాలమంది గమనింపరు. ఇది ‘రామయ్యను పిలువుము’ అనునప్పటి ద్వితీయావిభక్తి కాదు. మాటలాడుచున్నవాడే రామయ్య యని తెలుపు పురుషచిహ్నము. ఎదుటివానితో ననునప్పుడు ‘నీవు రామయ్యవు’ అందుము. పదిమంది చేరినచో ‘మేము రైతులము’ అందురు. దేవుని యెదుట నిలిచినవాడు ‘పాపిని’ అని యొక్కమాట యన్నను, ఆ పాపి యెవరో వేఱుగ చెప్పనక్కఱలేదు. క్రియకు పురుషభేదముండుట పెక్కుభాషలలో గలదు. నామమునకు గూడ నుండుట మన తెలుగునకు గల సొగసులలో నొకటి. ఈ సొమ్ము చేత నున్నందున తెలుగువాడు, ‘నేను’ అను మాట నోట బలుకకయే, ‘రామయ్యను వచ్చినాను’ అని తన పేరును దన క్రియను ముడివేయగలడు.

మఱియొక త్రోవయు మనకు గలదు. తల్లి పసిబిడ్డతో ‘అమ్మ వచ్చినది, చూడు’ అనును. వచ్చినది తానే, చెప్పుచున్నదియు తానే. క్రియ మాత్రము వేఱొకరిని గుఱించి చెప్పినట్లు నడచినది. ‘అమ్మను వచ్చినాను’ అనినను బిడ్డ మారుమాటాడదు, వ్యాకరణమును మారుమాటాడదు.

సంస్కృతమున ఈ విషయమును పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున దేల్చినాడు. సారమిది: క్రియతో ‘నీవు’ అను నర్థముగల శబ్దము అన్వయించునప్పుడు మధ్యమపురుష, ‘నేను’ అను నర్థముగల శబ్దము అన్వయించునప్పుడు ఉత్తమపురుష, తక్కిన సమస్తమునకును ప్రథమపురుష. ఆ ‘నీవు’ ‘నేను’ లు చెవికి వినబడకపోయినను, భావమున నున్నచో జాలునని గూడ ఆయన విధించినాడు. ‘భవాన్’ అని యెదుటివానిని గౌరవించి పలికినను క్రియ ప్రథమపురుషలోనే యుండుటకు గారణ మిదియే. ఆ శబ్దము ‘నీవు’ కాదు, తక్కినవానిలో జేరినది. అట్లే ‘అయం జనః’, అనగా ‘ఈ మనుజుడు’, అని వినయముతో దన్ను దాను చెప్పుకొనుట గలదు. కాళిదాసు కుమారసంభవము పంచమసర్గమున బ్రహ్మచారివేషమున వచ్చిన శివుడు పార్వతితో ఇట్లే యనును. తన్నే చెప్పుకొనుచున్నను, ఆ మాటకు దగిన పురుష ప్రథమపురుషయే.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఇంగ్లీషువారు ‘ఫస్ట్ పర్సన్’ అనునది మన ఉత్తమపురుష. మనము ‘ప్రథమ’ అనునది వారి ‘థర్డ్ పర్సన్’. లెక్క తలక్రిందులుగ నున్నది. ‘ఫస్ట్’ అనగా ‘ప్రథమ’ యే గదా యని మాటకు మాట పెట్టి నేర్చిన పిల్లవానికి ‘నేను’ ఎవరో ‘వాడు’ ఎవరో భేదము పోవును. అది వేదాంతమునకు బనికివచ్చునేమో గాని పరీక్షకు బనికిరాదు.

ఇక ఇంగ్లీషు. ఆ భాషలో క్రియ పదమును జూచును గాని మనిషిని జూడదు. కర్తృస్థానమున ‘ఐ’ అను మాట కంటి కగపడినచో ‘యామ్’, ‘హావ్’, ‘డూ’. ఆ స్థానమున బేరున్నచో, అది వ్రాయుచున్నవాని సొంతపేరే యైనను, ‘ఈజ్’, ‘హాజ్’, ‘డజ్’. రామయ్య తన్ను గుఱించి తాను చెప్పుకొనుచు ‘రామయ్య యామ్’ అనరాదు. ‘రామయ్య ఈజ్’ అనియే యనవలెను. ‘నేను రామయ్యనే గదా, నాకు యామ్ ఏల చెల్లదు?’ అని వాదించి లాభము లేదు. భావమున నున్నచో జాలునని పాణిని యిచ్చిన సౌకర్యమును ఇంగ్లీషు ఇచ్చుట లేదు.

ఇది వారి మొండితనము కాదు, వారి పేదఱికము. సంస్కృతమున ‘వదామి’ యన్నను, తెలుగున ‘చెప్పినాను’ అన్నను, చెప్పినవాడు నేనని క్రియతుదనున్న ప్రత్యయమే చాటును. కావున ‘నేను’ దాగియున్నను నష్టము లేదు. వెయ్యేండ్లనాటి ఇంగ్లీషునందును ‘నేను’, ‘నీవు’, ‘వాడు’ అను మూటికిని క్రియాప్రత్యయములు వేఱువేఱుగ నుండెడివి. కాలక్రమమున అవి రాలిపోయి, నేడు సాధారణక్రియలకు వర్తమానకాలమున, ఏకవచనమున, ‘వాడు’ ‘ఆమె’ ‘అది’ అనువానికిని పేర్లకును జేరెడి సకారధ్వని యొక్కటి మిగిలినది. ఆ ధ్వని కొన్నిచోట్ల ‘స్’ అనియు, కొన్నిచోట్ల ‘జ్’ అనియు వినబడును. ‘యామ్’ అను రూపము ‘ఐ’ కొక్కదానికే కట్టుబడి యున్నది. ఇంత తక్కువ సొమ్ముతో గాపురము చేయువారు కర్తను దాచి వ్యవహారము నడపలేరు. ‘ఐ’ యని నోరార బలుకవలసినదే.

పోయినంతలో ఒక మేలున్నది. భూతకాలమున ఈ బెడద లేదు. ‘ఐ వాజ్’ అన్నట్లే ‘రామయ్య వాజ్’, ‘ఐ వెంట్’ అన్నట్లే ‘రామయ్య వెంట్’. ‘కాన్’, ‘మస్ట్’ అనువానికిని మార్పు లేదు. చిక్కంతయు వర్తమానమునందే. అర్జీలలో ‘మనవి చేయుచున్నాడు’, ‘ప్రార్థించుచున్నాడు’ అని వచ్చునవన్నియు వర్తమానములే యగుట మన దురదృష్టము.

పేరును ‘నేను’ అను మాటను ఒక్కచోట జేర్చి చెప్పు పద్ధతి మఱొకటి కలదు. అఫిడవిట్టు ఇట్లే మొదలగును. ‘ఐ’ అని వ్రాసి, ఒక కామా పెట్టి, పేరు వ్రాసి, మఱొక కామా పెట్టి, తరువాత ‘డూ’ అని క్రియ నందుకొందురు. ఇచ్చట గర్త ‘ఐ’. పేరు దానికి వివరణము మాత్రమే. క్రియకు బొరుగున నున్నది పేరే యైనను, ఆ పేరును దాటి వెనుకనున్న ‘ఐ’ ని జూచి క్రియను నిలుపవలెను. ‘ఐ, రామయ్య, డజ్’ అని వ్రాయుట తప్పు. ఈ రెండు కామాలను చిన్నచూపు చూడరాదు. అవి పల్లకీకి రెండుప్రక్కల నున్న కొమ్ములవంటివి. పేరును అందు గూర్చుండబెట్టి మోయుచున్నవి. పల్లకీని ప్రక్కకు దీసి చూచినచో ‘ఐ డూ’ అని మిగులవలెను. మిగిలినచో వాక్యము సరి.

రాజ్యాంగముయొక్క మూడవ షెడ్యూలులో మంత్రులు మొదలగువారు చేయవలసిన ప్రమాణముల పాఠములు గలవు. ఇంగ్లీషుపాఠమున ‘ఐ’ ముందు, పేరు తరువాత, అటుపిమ్మట ‘డూ’. తెలుగున మన మంత్రులు ప్రమాణము చేయునప్పుడు ‘ఫలానా అను నేను’ అనుట మీరందఱును వినియే యుందురు. ఈ రెంటికి గల భేదము చూడుడు. తెలుగున బేరు ముందు నడచి, ‘నేను’ వెనుక వచ్చును. వాక్యమున నేను గడపటి మాటగా నిలిచి క్రియతో చేయి కలుపును, కావున పొరపాటునకు దావు లేదు. ఇంగ్లీషున ‘నేను’ మొదటనే చెప్పబడి దూరమగును. అఫిడవిట్టులో ‘ఐ’ తరువాత పేరు, తండ్రిపేరు, వయస్సు, వృత్తి, నివాసము, తాలూకా, జిల్లా అన్నియు వరుసగ వచ్చి, రెండు మూడు పంక్తులు నడచిన పిమ్మట గాని క్రియ రాదు. అంతలో వ్రాయువాడు ‘ఐ’ ని మఱచి, చెంతనున్న జిల్లాపేరును జూచి క్రియకు సకారము తగిలించును. ఇట్టి కాగితములు నేను చాల చూచితిని. అర్థమునకు హాని లేకపోవచ్చును గాని చదువువాని కది పంటిక్రింది రాయి.

అర్జీలలో ‘ఐ’ ఉండదు. ‘పిటిషనర్’ అని యుండును. సంతకము చేయునది మీరే. ఐనను కాగితములో మీరు మూడవవారైపోయితిరి. అందుచేత క్రియలన్నిటికిని సకారము రావలెను. నలుగురు చేరి యిచ్చిన అర్జీయైనచో ‘పిటిషనర్స్’ అని పేరుకు సకారము చేరి, క్రియకు దొలగును. నామమున స్ వచ్చినచో క్రియలో స్ పోవును, నామమున బోయినచో క్రియలో వచ్చును. ఒకే కండువాను అన్నదమ్ములిద్దఱు మార్చి మార్చి వేసికొన్నట్లు! ‘క్రింద సంతకము చేసిన’ అను నర్థమున వాడెడి ‘అండర్‌సైన్డ్’ అను మాట వింతైనది. ఒక్కరికైనను పదిమందికైనను దాని రూపు మారదు. ఒక్కడు చేవ్రాలు చేసినచో దాని తరువాత ‘ఈజ్’, ఊరిపెద్దలు పదుగురు చేసినచో ‘ఆర్’. అడుగున నెన్ని చేవ్రాళ్లున్నవో చూచిన పిమ్మట గాని పైనున్న క్రియ సరియో కాదో చెప్పలేము.

ఇంతవఱకు జెప్పినది క్రియారూపముల సంగతి. ఇంతకంటె ముఖ్యమైనది మఱొకటి గలదు. మనిషి తన్ను దాను పేరుతో జెప్పుకొన్న మఱుక్షణమే ఇంగ్లీషులో ‘నేను’ పోయి ‘హీ’ వచ్చును, ‘నా’ పోయి ‘హిజ్’ వచ్చును. ఆ ‘హిజ్’ వద్ద మన పెద్దలు జాగ్రత్తగ నుండవలెను. తెలుగున ‘రామయ్య సుబ్బయ్యతో తన పొలమునకు నీరు రాలేదని చెప్పెను’ అన్నచో నీరు రానిది రామయ్య పొలమే. ‘అతని పొలమునకు’ అన్నచో సుబ్బయ్యదో మఱియొకనిదో యగును. ‘తన’, ‘అతని’ అను రెండు మాటలు మనకున్నవి. ఇంగ్లీషున రెంటికిని ‘హిజ్’ ఒక్కటియే. ‘హిజ్’ అని వ్రాసినప్పుడు పొలము రామయ్యదా, సుబ్బయ్యదా యని చదువువాడు ఊహింపవలసినదే. తగవే ఆ పొలము గుఱించి యైనచో, ఊహకు విడిచిపెట్టదగిన మాట యగునా? మన ‘తన’ యును ఎల్లప్పుడు నిస్సందేహము కాదనుట ఒప్పుకొనవలెను. ‘సుబ్బయ్య తన పొలము అమ్మెనని రామయ్య చెప్పెను’ అన్నచో ఆ ‘తన’ ఇటును అటును బోవును. ఐనను మనకు గొంత యాధారమున్నది, వారి కదియు లేదు.

ఇంగ్లీషు దస్తావేజులలో ‘ది సెడ్’, ‘ది సెడ్’ అని, అనగా ‘పైన జెప్పబడిన’ అని, మాటిమాటికి వచ్చుట చూచి మనవారు నవ్వుదురు. పేరును సర్వనామముతో దాటవేయక మఱల మఱల వ్రాయుటయు చూతుము. అది చాదస్తము కాదు. ‘తన’ లేని భాషలో ఆస్తి ఎవరిదో స్థిరపఱచుటకు వారు కట్టుకొన్న కట్ట. ‘హిజ్’ అని యున్నచోటెల్ల ఎవరి దని యడుగుటకును, అర్జీదారుదే యైనచో ఆ మాటయే వ్రాయుమనుటకును మీరు మొగమోటపడవలదు. రెండు పద్ధతులలో నొకటి కోరుకొను వీలున్నచో నేను ‘ఐ’ తో నడచుదానినే కోరుదును. అందు ‘నాది’ ఎప్పటికిని నాదే.

ఇతరుడు చెప్పిన మాటను మనము తిరిగి చెప్పుటలో నున్న గండము ఇంకను పెద్దది. సుబ్బయ్యకు రామయ్య బాకీపడినాడనుకొనుడు. సుబ్బయ్య తెలుగున ‘నేను బాకీ తీర్చెదనని రామయ్య చెప్పెను’ అనును. వినువారి కెవరికిని సందేహము లేదు. తీర్చువాడు రామయ్య. ‘తాను బాకీ తీర్చెదనని’ అన్నను అంతే. ఇచ్చట నొక విశేషము గలదు. ‘తాను’ అనునది ప్రథమపురుషకు జెందిన మాట, ‘తీర్చెదను’ అనునది ఉత్తమపురుషక్రియ. ఈ రెండును మన వాక్యమున జక్కగ గాపురము చేయుచున్నవి. మన క్రియ పదమును గాక, ఆ మాట మొదట ఎవని నోటినుండి వచ్చినదో ఆ మనిషిని జూచుచున్నది గనుక! ఇంగ్లీషుక్రియ యిట్లు చూడజాలదని ముందే చెప్పితిని. సుబ్బయ్య మాటను మాటకుమాటగ ‘రామయ్య సెడ్ దట్ ఐ విల్ పే’ అని వ్రాసినచో, ఆ ‘ఐ’ రామయ్య కాదు, కాగితమునకు గర్తయైన సుబ్బయ్య. బాకీ రావలసినవాడే బాకీ తీర్చవలసినవా డగును! ‘హీ వుడ్ పే’ అని యుండవలెను. ఆ ‘హీ’ ఎవరో తెలియుటకు అచ్చటను పేరు వ్రాయుట మేలు. తెలుగుపిల్లలు ఇంగ్లీషున జేయు తప్పులలో నింత తఱచైనది మఱొకటి లేదు. నేను బడిలో బనిచేసిన యేండ్లన్నియు ఎఱ్ఱసిరాలో సగము దీనికే వ్యయమైనది.

పేరుతో దన్ను జెప్పుకొనుట గొప్పవారికి నలవాటే. రోమకుడైన జూలియస్ సీజరు గాలుదేశముతో దాను చేసిన యుద్ధముల చరిత్రను తానే వ్రాసి, అందు దన్ను ‘సీజరు’ అనియే, అన్యునివలె బేర్కొన్నాడు. షేక్స్పియరు తన నాటకములో ఆ సీజరుచేత అట్లే మాటలాడించినాడు. ఒక్క సంభాషణలోనే ‘ఐ’ యనుచు, నడుమ ‘సీజరు’ అని పేరుచెప్పుకొని, పేరు చెప్పినచోట ‘ఈజ్’ అని క్రియను నిలిపినాడు. విక్టోరియారాణి తన ప్రధానమంత్రులకు వ్రాసిన లేఖలలో తన్ను ‘ది క్వీన్’ అని ప్రథమపురుషలో జెప్పుకొనెడిది. అమెరికాదేశపు చరిత్రకారుడు హెన్రీ ఆడమ్సు స్వీయచరిత్రము వ్రాసి, 1907లో స్నేహితులకొఱకు ముద్రించుకొన్నాడు. అది లోకమునకు వెలువడినది 1918లో, ఆయన మరణించిన యేట. గ్రంథమంతట ఆయన ‘ఆడమ్సు’ అనియు ‘హీ’ అనియు నున్నాడే గాని ‘ఐ’ గా లేడు. మన త్యాగరాజస్వామి తన కీర్తనలలో దన పేరును ముద్రగా నుంచుట గర్వముచేత గాదు, భక్తిచేత. అర్జీదారుడు తన పేరు వ్రాసికొనుట ఈ రెంటిలో నేదియు గాదు, కచేరీమర్యాద.

శుభలేఖల మాట చెప్పి ముగించెదను. ఇంగ్లీషుమర్యాదను బట్టి వ్రాయు శుభలేఖ పేరుతో మొదలగును. తండ్రిపేరొక్కటియే యున్నచో ‘రిక్వెస్ట్స్’ అని సకారము. తలిదండ్రు లిద్దఱి పేర్లున్నచో ‘రిక్వెస్ట్’ అని సకారము లేకుండ. పేరుతో మొదలుపెట్టినవారు చివరవఱకు నట్లే నడపవలెను. ‘తమ కుమార్తె వివాహమునకు’ అను నర్థమున ‘దెయిర్ డాటర్’ అనవలెను. మన శుభలేఖలలో పెక్కింట మొదట పేరు, పిమ్మట ‘మై డాటర్’ అని యుండును. పేరుచెప్పి ఆహ్వానించినవా డొకడు, కుమార్తె మఱొకనిది యైనట్లున్నది. తెలుగున ‘మా కుమార్తె’ యని వ్రాయుట మనకు సహజము, అందమును. ఇంగ్లీషువైపునను అదే కావలయునన్నచో ‘ఐ’ తోనో ‘వి’ తోనో వాక్యమును మొదలుపెట్టి, పేర్లను అడుగున సంతకముగ నుంచుకొన్నచో సరిపోవును.

టెలిఫోనులో ఇంగ్లీషువారు ‘నేను రామయ్యను’ అను నర్థమున ‘దిస్ ఈజ్ రామయ్య’ యందురు. అనగా ‘ఇది రామయ్య’! మన యూరిలో నెవరినైన ‘ఇది’ యని చూడుడు, తగవు కోర్టుదాక బోవును. వారి భాషలో నది మర్యాదయే. ‘దిస్’ అను మాట కర్తృస్థానమున నున్నది గనుక క్రియ ‘ఈజ్’ అయినది. మాటలాడుచున్నవాడు రామయ్యయే యైనను, ‘యామ్’ రాదు.